మీ ముఖం కనిపించడం లేదు

ఏమ్మా, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క మర్చిపోయి ఫోన్ పట్టుకున్న తల్లీ! నిన్నే. పక్కింటివాళ్ళ కోసం వెతుకుతావేం? ముందు వెళ్ళి స్టవ్ కట్టేసి రా. పప్పు ఎలాగూ మాడింది, మీ ఆయనకి అలవాటే. వచ్చావా? కూర్చో. ఇది అత్తా కోడళ్ళ కథ. ఆ మాట చెవిన పడగానే తప్పు ఎవరిదో నీకు తెలిసిపోయే ఉంటుంది. తెలిస్తే నీ దగ్గరే దాచుకో. నీలాగే అంతా ముందే తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ గతి ఏమైందో చూద్దువు గాని.

నరసరావుపేటలో మల్లమ్మ సెంటర్ దాటి లోపలికి తిరిగే ఒక సందులో అబ్దుల్ రహీమ్ ఇల్లుంది. ముందు గదిలో మోటార్లు వైండింగ్ చేసే షాపు, నడిమి గదిలో సంసారం, వెనక వంటిల్లు. శావల్యాపురం వైపు నుంచి మిరప రైతులు కాలిపోయిన బోరు మోటార్లను ఆటోల్లో వేసుకొస్తే, రహీమ్ వాటి పొట్ట చీల్చి, పాత రాగి తీగ పీకి, కొత్త తీగ చుట్టి పంపేవాడు. ఇంట్లో ఏ గదిలో కూర్చున్నా వార్నిష్ వాసన వచ్చేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు షబ్నం ముక్కు మూసుకునేది. ఇప్పుడు ఆ వాసన తగ్గితేనే ఆమెకి భయం వేస్తోంది, షాపులో పని తగ్గిందని.

పని తగ్గడానికి కారణం ఉంది. రహీమ్ కొడుకు సుహైల్ ఒకనాడు మోటారు టెస్టింగ్ చేస్తుండగా కుడి చెయ్యి బెల్టులో పడింది. చెయ్యి మిగిలింది గానీ వేళ్ళు ముడుచుకోవు. వైండింగ్‌కి రెండు చేతులూ కావాలి. రహీమ్‌కి రెండు చేతులూ ఉన్నాయి గానీ వణుకు మొదలైంది. తీగ జారిపోతోంది. షాపు ఎన్నాళ్ళు నడుస్తుందో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

ఆ ఇంటికి మిగిలిన దారల్లా షబ్నం చదువు. పెళ్ళికి ముందు ఆమె ఒక కాలేజీలో ఆన్‌లైన్ బీకాం కట్టింది. పెళ్ళి, ఆ తర్వాత సుహైల్ ఆసుపత్రి, వీటితో చదువు మూలపడింది. ఊళ్ళో ఒక ఆసుపత్రి వాళ్ళు, డిగ్రీ చూపిస్తే అకౌంట్స్‌లో కూర్చోబెడతామని మాట ఇచ్చారు. కట్టిన ఫీజుకు ఈ ఏడాదే ఆఖరు గడువు. దాటితే చదివిందంతా చెల్లదు.

అందుకే ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. కాలేజీవాళ్ళ పరీక్ష ఫోన్లో తెరుచుకోదు, కంప్యూటరే కావాలి, పైన కెమెరా ఉండాలి. షబ్నం పెళ్ళికి పెట్టిన డ్రెస్సింగ్ టేబుల్ అద్దాన్ని సుహైల్ ఎడమ చేత్తోనే స్క్రూలు తిప్పి ఊడదీశాడు. అద్దం ఉన్నచోట మానిటర్ నిలబడింది. రహీమ్ తన చేత్తో స్టెబిలైజర్ కట్టాడు, పెరట్లో గొయ్యి తీసి బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తింగ్ పాతాడు. "కలెక్టరాఫీసులో కూడా ఇంత శుభ్రమైన కరెంటు ఉండదు," అని సందంతా చెప్పుకున్నాడు. వెనక ఎవరూ కనపడకూడదని కాలేజీవాళ్ళు అన్నందుకు షబ్నం కుర్చీ వెనక ఒక దుప్పటి కట్టారు. ఆ దుప్పటి అవతల నుంచి అత్తగారు చాంద్ బీ టీ గ్లాసులు పట్టుకుని, తల కనపడకుండా వంగి వంగి షాపులోకి నడిచేది.

"నా ఇంట్లో నేనే దొంగ మాదిరి నడవాల్సి వచ్చింది చూడు," అని గొణిగేది. "అసలు ఇంట్లో కోడల్ని ఆ కెమెరా కంట్లోంచి ఊరూపేరూ తెలీనోళ్ళంతా చూడటం ఏంది?"

"వాళ్ళు టీచర్లు అత్తమ్మా."

"టీచర్లయితే? వాళ్ళకు మాత్రం కళ్ళు లేవా?"

ఇదీ సంగతి. ఇప్పుడు ఆ రోజు పొద్దుటికి వద్దాం.

ఆ పొద్దున కూడా అన్నీ మామూలే. రహీమ్ షట్టర్ ఎత్తాడు, చాంద్ బీ రొట్టెలు కాల్చింది, షబ్నం దుపట్టా సర్దుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర మీద ఇరవైముప్పై మంది ముఖాలు గళ్ళుగళ్ళుగా తేలాయి. షబ్నం పేరున్న గడి మాత్రం నల్లగా ఉంది. బొగ్గు మసి పూసినట్టు నల్లగా.

"షబ్నం, మీ ముఖం కనిపించడం లేదు," అంది అవతల నుంచి మేడమ్.

"మేడమ్, కెమెరా ఆన్‌లోనే ఉంది మేడమ్."

"మీరు రోజూ ఇదే చెప్తున్నారు. ముఖం కనిపించకపోతే హాజరు వేయలేను. రేపు పొద్దున వైవా ఉంది, తెలుసుగా? రేపు కూడా ఇలాగే ఉంటే ఆబ్సెంట్ పడుతుంది. ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా."

షబ్నం వైరు పీకి మళ్ళీ పెట్టింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. రహీమ్ పరిగెత్తుకొచ్చి టెస్టర్ పెట్టి చూశాడు. అది మోటార్ల ఇల్లు. ఆ ఇంట్లో ఏది చెడినా అందరి అనుమానం కరెంటు మీదే.

"కరెంటు బానే వస్తంది," అన్నాడు రహీమ్ నుదురు తుడుచుకుంటూ. "లోపల ఎక్కడో వైరు కాలుంటది. అది వైరు రోగమే."

"మామయ్యా, మొన్న కొత్త కెమెరానే పెట్టాం గదా? అదీ ఇట్టాగే అయిందిగా?"

రహీమ్ టెస్టర్ జేబులో పెట్టుకున్నాడు.

ఇది చాలా రోజులుగా సాగుతున్న భాగోతం. మొదటి రోజు కిటికీ వెలుతురు వెనక నుంచి పడి షబ్నం ముఖం మసకమసగ్గా వచ్చింది. "దీని కన్ను సరిగ్గా కనపడట్లేదు," అని అప్పుడే ఆమె విసుక్కుంది. కిటికీ మూస్తే సరిపోయింది అనుకునే లోపు, మర్నాటి నుంచి మసక కాస్తా చీకటయింది. కెమెరా తీసుకుని బజార్లో ఆదినారాయణ కంప్యూటర్ షాపుకు వెళ్ళింది. ఆదినారాయణకు ఒక అలవాటు, షాపులోకి ఏ వస్తువు వచ్చినా ముందు మందు కొట్టి తుడుస్తాడు. తుడిచి, తన మిషనుకు తగిలిస్తే షబ్నం ముఖం అద్దంలో చూసుకున్నట్టు వచ్చింది.

"బంగారం మాదిరి ఉందమ్మా," అన్నాడు. ఇంటికి తెచ్చి పెడితే సాయంత్రం దాకా బాగానే ఉంది. తెల్లారేసరికి చీకటి. మళ్ళీ తీసుకెళ్తే మళ్ళీ బంగారం. చివరికి ఆయన వేరే కెమెరా ఇచ్చి పంపాడు. దానికీ మర్నాటికి చీకటి పట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం షబ్నం మూడోసారి కాబోలు, ఆ కెమెరాను దుపట్టా కొంగులో చుట్టుకుని ఎండలో నడిచి వెళ్ళింది. ఆదినారాయణ తుడిచాడు, తగిలించాడు, ఆమె ముఖాన్ని తెర మీద చూపించాడు. ఆ ముఖంలో కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, రేపు నాకు పరీక్ష. రేపొక్కరోజు మీ షాపులో కూచుంటా."

"ఇంట్లో ఒక్కదానివే ఉండాలంట గదమ్మా రూలు? ఇక్కడ జనం తిరుగుతా ఉంటే వాళ్ళు ఒప్పుకోరు. నువ్వే చెప్పావుగా?" ఆయన కెమెరాను చేతికిస్తూ కాస్త తటపటాయించాడు. "ఒక మాట చెప్తా, ఏమీ అనుకోబాక. నా దగ్గర బాగుంది, మీ ఇంటికి పోయాక బాగుంది, తెల్లారేసరికి పోతంది. వస్తువులో లోపం లేదు తల్లీ. లోపం మీ ఇంట్లోనే ఎక్కడో ఉంది."

ఆ మాట షబ్నం చెవిలో దిగబడింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ అదే మాట. సాయంత్రం దాకా బాగుండి తెల్లారేసరికి పోతోందంటే, మధ్యలో ఎవరిదో చెయ్యి పడుతోంది. ఇంట్లో ఉన్నది నలుగురు. తనని తీసేస్తే ముగ్గురు. మామగారు ఆ కంప్యూటర్ కోసం గోతులు తవ్విన మనిషి. భర్త ఒంటి చేత్తో అద్దం ఊడదీసి దానికి చోటు చేసినవాడు. ఇక మిగిలింది?

కెమెరా అంటే మొదటి నుంచీ మొహం చిట్లించింది ఎవరు? ఊళ్ళోవాళ్ళంతా చూస్తారని సణిగింది ఎవరు? ఉద్యోగం వస్తే కోడలు ఇంటి గడప దాటుతుందని పక్కింటి వెంకటరమణమ్మతో అంటుంటే తన చెవులతో తాను విన్నది ఎవరి మాట?

సాయంత్రం షట్టర్ దించాక, అందరూ నడిమి గదిలో ఉన్నప్పుడు షబ్నం కెమెరాను చాప మీద పెట్టింది. గట్టిగా పెట్టలేదు. కానీ ఆ పెట్టడంలో ఏముందో, రహీమ్ చేతిలో రొట్టె ముక్క అక్కడే ఆగిపోయింది.

"రేపు నా పరీక్ష," అంది. "రేపు పోతే మళ్ళీ లేదు. ఇదెవరు చేస్తన్నారో నాకు చెప్పండి. నేనేమీ అనను. చెయ్యొద్దని కాళ్ళు పట్టుకుంటా, అంతే."

"ఎవరు చేస్తారే?" అన్నాడు రహీమ్. "అది వైరు..."

"వైరు కాదు మామయ్యా! రెండు కెమెరాలు పోయినయ్. ఆ షాపాయన మీ ఇంట్లోనే లోపం ఉందని మొహం మీద చెప్పాడు. ఎంత సిగ్గేసిందో తెలుసా?" ఆమె తల తిప్పి అత్తగారి వైపు చూసింది. "అత్తమ్మా, మీకు ఇది ఇష్టం లేదు. మొదట్నుంచీ లేదు. నాకు తెలుసు."

చాంద్ బీ చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టింది.

"ఇష్టం లేకపోతే? అయితే ఏందే?"

"ఇష్టం లేకపోతే మొహాన చెప్పండి. చదవొద్దని చెప్పండి. ఇట్టా చాటుగా చెయ్యబాకండి."

"చాటుగానా?" చాంద్ బీ లేచి నిలబడింది. "నేనా? నా జన్మలో చాటుగా ఒక పని చేశానా? ఏమయ్యా, నీ కోడలు ఏమంటందో వింటన్నావా? దాని చదువు నేను చెడగొడతన్నానంట! నేను..."

"అమ్మని ఏమీ అనబాక."

అన్నది సుహైల్. గోడకి ఆనుకుని, పనిచేయని చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు, తల ఎత్తకుండానే అన్నాడు. "అమ్మ కాదు. నేనే."



"మీరా?" అంది షబ్నం.

"వైరు పీకి, లోపల తీగ వదులు చేసి మళ్ళీ పెట్టేవాణ్ణి. నాకు వచ్చిన పనేగా."

"ఎందుకండీ?"

సుహైల్ ఒళ్ళో ఉన్న చేతిని చూసుకున్నాడు.  "నువ్వు ఉద్యోగానికి పోతే... పొద్దున లేచి డబ్బా కట్టుకుని పోతే, నేను ఈ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూచోవాల. సందులో పోయేవాళ్ళు చూస్తారు. కొన్నాళ్ళకు నువ్వూ అట్టాగే చూస్తావు. అప్పుడు ఈ చెయ్యి లేనోడితో నీకేం పని?"

షబ్నం అరవలేదు. అరిచినా బాగుండేదేమో. ఆసుపత్రిలో అతని చేతి కట్టు మార్చినప్పుడల్లా పక్కకి తిరిగి ఏడ్చింది ఆమె, అతని ముందు ఒక్కసారీ ఏడవలేదు. ఇప్పుడు మాత్రం చాప మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని, శబ్దం రాకుండా ఊగిపోయింది. ఆ చదువు ఎవరి కోసమో అతనికి చెప్పాల్సిన అవసరం ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"పొద్దున మొదటి బస్సుకు మాచర్ల పోతా," అంది చివరికి. "మా అమ్మ దగ్గరికి. మీ కంప్యూటర్ మీరు పెట్టుకోండి."

రహీమ్ కొడుకు వైపు చూసి చెయ్యెత్తాడు, కొట్టలేక ఆ చెయ్యి తన నెత్తినే వేసుకున్నాడు. చాంద్ బీ మాత్రం కొడుకు ముఖంలోకి రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది. సుహైల్ తల ఎత్తి ఆమెతో చూపు కలపలేదు.

తెల్లారింది. షబ్నం సంచి సర్దుకుంది. మాచర్ల మొదటి బస్సు వెళ్ళిపోయింది, రెండోదీ వెళ్ళిపోయింది. ఆమె సంచి మీద చెయ్యి వేసుకుని మంచం అంచున కూర్చునే ఉంది.  సుహైల్ పెరట్లో రాయి మీద కూర్చున్నాడు. రహీమ్ షాపు తెరవలేదు. వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏమే, కాసిని టీ..." అన్నాడు.

"పాలు విరిగినయ్," అంది చాంద్ బీ, వెనక్కి తిరగకుండా.

రహీమ్ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని నడిమి గదిలోకి వచ్చింది. కోడలి ముందు నిలబడింది.

"ఇయ్యాల పరీక్షన్నావుగా? లే, కూచో."

"ఎందుకత్తమ్మా? ఎట్టాగూ కనపడను."

"కనపడతావు. లెగవే. ఇయ్యాల దాని కంటికి రెండుసార్లు పెట్టా. గట్టిగా పెట్టా. ఈసారి బాగా కనపడుద్ది."

షబ్నం తల ఎత్తింది.

"ఏం పెట్టారు?"

"సుర్మా."

"ఏందీ?"

"సుర్మానే. ఏం, ఎరగవా?" చాంద్ బీ కంప్యూటర్ పక్కన అగ్గిపెట్టె చాటున ఉన్న, నల్లటి కాటుక పొడి నింపిన ఇత్తడి సుర్మాదానీ తీసి చూపించింది. దాంట్లోంచి సన్నటి పుల్ల లాగింది. "మా అన్న ఇస్మాయిల్ హజ్ నుంచి తెచ్చింది. బజార్లో దొరికే సరుకు కాదు. దాని కన్ను సరిగ్గా కనపడట్లేదని నువ్వే గదా మొదటి రోజు అన్నావు? అప్పట్నుంచీ రోజూ తెల్లారుజామున ఫజర్ నమాజు కాంగానే, ఒక్క చుక్క గులాబీ నీళ్ళలో తడిపి పెడతన్నా. సుర్మా పెడితే కన్ను చల్లబడుద్ది, చూపు పెరుగుద్ది. సుహైల్‌కు చిన్నప్పుడు పెట్టలా? మీ మామకు ఇప్పటికీ పెడతన్నా, కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతడు. దీనికే ఎందుకో పట్టుబడట్లా. రోజురోజుకీ కనపడట్లేదంటన్నావు. అందుకే ఇయ్యాల రెండుసార్లు..."

ఆమె మాట పూర్తి కాలేదు. షబ్నం లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. అత్తగారు తిరిగి మానిటర్ మీద పెట్టిన కెమెరా తీసి చేతిలో తిప్పింది. నల్లటి కెమెరా, నల్లటి గాజు. వేలితో గాజును రుద్దింది. వేలు నల్లబడింది.

అందరూ కరెంటును చూశారు. తీగల్ని చూశారు. మనుషుల్ని చూశారు. గాజును ఎవరూ చూడలేదు.

గుమ్మంలో రహీమ్ నిలబడిపోయాడు. పెరటి తలుపు దగ్గర సుహైల్ కూడా. షబ్నం దుపట్టా చివర నోట్లో తడుపుకుని గాజును తుడిచింది, మళ్ళీ తుడిచింది, కెమెరాను మానిటర్ మీద పెట్టి మిషను ఆన్ చేసింది. తెర వెలిగింది. నల్ల గడి వెలిగింది. అందులో మొట్టమొదట కనపడింది షబ్నం కాదు, ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్న చాంద్ బీ. చేతిలో సుర్మా పుల్ల, నోరు కొంచెం తెరుచుకుని, రెండు కళ్ళలో చక్కగా దిద్దుకున్న సుర్మా.

ఆమె తెరలో తన ముఖాన్ని చూసింది, కోడలి నల్లటి వేలు చూసింది. అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. పుల్ల చేతిలోంచి జారింది.

"అయితే... నేనేనా దాన్ని గుడ్డిదాన్ని చేసింది?"

"అత్తమ్మా..."

"రోజూ లేచి నీ చదువుకు నేనే మసి పూశానా?" ఆమె గోడ పట్టుకుంది. "యా అల్లా. నిన్న నువ్వు నన్నంటే ఎంత మండిందో నాకు. నువ్వన్నది నిజమేగా మరి!"

"కాదు, నిజం కాదు," అంటూ షబ్నం ఆమెని రెండు చేతులా పట్టుకుంది. ఒకరి భుజం మీద ఒకరు ఏడ్చారు. తెర మీద ఆ ఏడుపంతా చక్కగా, స్పష్టంగా కనపడుతోంది. ఇంతలో మిషన్లోంచి గంట మోగింది. వైవా మొదలవుతోంది.

"చాల్లే, ముఖం కడుక్కో!" కళ్ళు తుడుచుకుంటూనే చాంద్ బీ అదిలించింది. "ఏమయ్యా, నిలబడి చూస్తావేంది? బయటికి నడువు. ఒరేయ్, నువ్వు కూడా. ఈ గదిలో చీమ కూడా ఉండగూడదు."

ముగ్గురూ షాపులోకి వచ్చి తలుపు దగ్గరగా వేసుకున్నారు. షట్టర్ సగం దించి ఉంది. తలుపు సందులోంచి షబ్నం గొంతు వినపడుతోంది, మొదట వణుకుతూ, తర్వాత నిలకడగా. అవతల మేడమ్ తరుగుదల అంటే ఏమిటో అడిగింది. షబ్నం పుస్తకంలో ఉన్నది చెప్పింది. అర్థమయ్యేలా ఏదైనా ఉదాహరణ చెప్పమంది మేడమ్. షబ్నం తన ఇంటి ముందు గదిలో ఉన్న వైండింగ్ మిషను గురించి చెప్పడం మొదలుపెట్టింది, వాడేకొద్దీ దాని విలువ ఎలా తరుగుతుందో. రహీమ్ ఆ మిషను మీద చెయ్యి వేసుకుని విన్నాడు.

చాంద్ బీ కొడుకు పక్కన కూర్చుంది. గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నిన్న ఎందుకట్టా చెప్పావురా?"

సుహైల్ నేల చూశాడు. "ఆమధ్య ఒకరోజు తెల్లారుజామున మంచినీళ్ళకు లేచా. నువ్వు ఆ కెమెరా మీదకు వంగి ఏందో చేస్తన్నావు. నీ వీపే కనపడింది. నేను... నువ్వే పాడు చేస్తన్నావనుకున్నా అమ్మీ. నిన్న షబ్నం నిన్ను అనేసరికి నా వల్ల కాలా. ఆ తప్పేదో నామీద పడితే నీకు పరువు దక్కుద్దని."

"ఆ చెయ్యి సంగతి? అదీ అబద్ధమేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్కటీ నిజం.

చాంద్ బీ అతని పనిచేయని చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. ముడుచుకోని వేళ్ళను ఒక్కొక్కటీ నిమిరింది. ఆమెకి కోపం రాలేదు. వచ్చి ఉంటే ఇంత బాధగా ఉండేది కాదు.

"కోడలు అనుకుంది. సరేరా. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల, దాని ప్రాణం మీదకొచ్చింది, అనుకుంది. నువ్వు నా కడుపున పుట్టావే. నేనట్టాంటి పని చేస్తానని ఎట్టా నమ్మావురా? చూసినోడివి, అప్పుడే అమ్మీ ఏం చేస్తన్నావని ఒక్క మాట అడిగుంటే పొయ్యేదిగా?"

సుహైల్ తల ఇంకా కిందికి వంచాడు.

"నిన్న నువ్వు నేనే చేశానన్నావు. నీ పెళ్ళాం నమ్మింది. మీ అబ్బా నమ్మాడు. నేను నమ్మలేదురా. ఒక్క క్షణం కూడా నమ్మలా. నా కొడుకు అట్టాంటి పని చెయ్యడని నాకు తెలుసు."

అతను ఆమె ఒళ్ళో ముఖం దాచుకున్నాడు. చిన్నప్పుడు సుర్మా మంటకి దాచుకున్నట్టే. ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తలుపు అవతల షబ్నం గొంతు ఆగిపోయింది. ఎవరో నవ్విన శబ్దం. తర్వాత కుర్చీ కదిలింది.

షబ్నం తలుపు తీసుకుని వచ్చింది. ముఖం కడుక్కున్నా, చెంపల మీద అత్తగారి సుర్మా చారలు ఇంకా ఉన్నాయి.

"హాజరు వేశారు," అంది. "బాగా చెప్పావన్నారు. ఈ ఏడాదికే డిగ్రీ వచ్చేస్తదన్నారు."

ఇంకేదో అనబోయింది గానీ చాంద్ బీ ముందుగా అడిగింది. "వాళ్ళకి నువ్వు సరిగ్గా కనపడ్డావా?"

"కనపడ్డానత్తమ్మా."

"ముఖమంతా?"

"అంతా."

"ఆ. చూడనీ. బాగా చూడనీ."

షబ్నం వచ్చి భర్తకి అటుపక్కన కూర్చుంది. అతను తల ఎత్తలేక ఎత్తాడు. తలుపు సందులోంచి ఇవతలి మాటలు ఆమెకి ఎంత వినపడ్డాయో తెలియదు. అతని భుజానికి తల ఆనించింది. "రేపట్నుంచి నా డబ్బా మీరే కట్టాల. ఎడం చేత్తో. కూర ఒలికిందో, చూసుకోండి," అంది. అతను ఏడుస్తూనే నవ్వాడు.

కాసేపటికి ఆమెకి ఒక అనుమానం వచ్చింది.

"అత్తమ్మా, ఈయన చెప్పింది మీరు నమ్మలేదని తలుపు సందులోంచి విన్నా. మీరేమీ చెడగొట్టలేదని మీకు తెలుసు. మరి రాత్రి ఎవరనుకున్నారు?"

చాంద్ బీ కొంగుతో ముక్కు తుడుచుకుని, వైండింగ్ మిషను పక్కన నిలబడ్డ రహీమ్ వైపు గడ్డంతో చూపించింది.

"ఇంకెవరు? ఈ మహానుభావుడే. గొయ్యి తవ్వి, బొగ్గు పోసి, ఏ తీగ ఏ తీగకి కలిపాడో కాల్చేసుంటాడు, చెప్పడానికి నామోషీ పడి ఊరుకున్నాడు, కొడుకేమో వాళ్ళ అబ్బా పరువు కాపాడతన్నాడు అనుకున్నా. ఒళ్ళు మండిపోయింది. అందుకే పొద్దున్నుంచీ ఆయనకు టీ ఇయ్యలా."

రహీమ్ ఆమెనీ, వంటిల్లునీ మార్చి మార్చి చూశాడు.

"అయితే పాలు విరగలేదా?"